చిలకమ్మకు రాగి బిళ్ళల క్లచ్

ఆ రోజుల్లో ఫిల్మ్‌నగర్‌లో ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడికి ఎవరూ టీ కూడా పోసేవారు కాదు. తొంభైల మొదటి సంవత్సరాలవి. సినిమావాళ్ళు మద్రాసు నుంచి ఒక్కొక్కరే పెట్టేబేడా సర్దుకుని వచ్చేస్తున్నారు. జూబ్లీహిల్స్‌లో ఇంకా బంగళాలకంటే బండరాళ్ళే ఎక్కువ. ఆఫీసంటే ఒక గది, ఒక ఫోను, గుమ్మానికి దిష్టి నిమ్మకాయ. ఆ గదిలో కూర్చుని వచ్చినవాడికల్లా కథ చెప్పడమే మా వృత్తి. కథ చెప్పడమంటే కాగితం మీదున్నది చదవడం కాదు. లేని వర్షాన్ని కురిపించాలి, రాని హీరోయిన్‌ని నవ్వించాలి, ఇంకా పుట్టని పాటకి ముందే చిటికెలు వెయ్యాలి. అలా అలవాటైన నోరు సాయంత్రం ఆఫీసు తలుపేసినంత మాత్రాన మూతపడదు కదా. ఇంటి ఓనరుకీ, కిరాణా కొట్టువాడికీ, ఆఖరికి పళ్ళ డాక్టరుకి కూడా మేము కథే చెప్పేవాళ్ళం. (నొప్పి ఏ పంటికని డాక్టరు అడిగితే ఫ్లాష్‌బ్యాక్‌తో మొదలుపెట్టినవాణ్ణి నేను.) ఆ అలవాటు ఒక కారు క్లచ్ దాకా పాకి, మా గురువుగారి మొదటి సినిమాని ముంచబోయిన వైనం ఇప్పుడు చెప్తాను. ఇది మాత్రం ఉన్నది ఉన్నట్టే.

గురువుగారు పదకొండేళ్ళు కో-డైరెక్టరుగా పనిచేశారు. ఎందరో దర్శకులకి సీన్లు రాసిపెట్టి, షాట్లు చెప్పిపెట్టి, టైటిల్స్‌లో తన పేరు వచ్చేసరికి జనం ఇంకా చీకట్లో సీట్లు వెతుక్కుంటుంటే చూసి నవ్వుకునేవారు. మోతీనగర్‌లో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవారు. నేను ఆయన దగ్గర అసిస్టెంటుని. జీతం ఉన్నప్పుడు ఉండేది, లేనప్పుడు లేదు. భోజనం మాత్రం ఏనాడూ తప్పలేదు, ఎందుకంటే అది ఆయన భార్య చేతిలో ఉండేది. ఆవిణ్ణి నేను అక్కయ్యగారూ అనేవాణ్ణి. నా కంచంలో రెండోసారి కూర వడ్డించాకే తను తినడానికి కూర్చునేది. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. నాకున్న ఒకే ఒక్క ఆస్తి చిలకమ్మ. తెనాలిలో మా పెదనాన్న వాడి వాడి విసుగొచ్చి నా మొహాన పడేసిన పాత కారుకి నేను పెట్టుకున్న పేరది. రంగు అచ్చం చిలకపచ్చ. మామూలు రోజుల్లో పెట్రోలు పోసే స్తోమత లేక నేను బస్సులోనే తిరిగేవాణ్ణి. ఆదివారం మాత్రం చిలకమ్మని బయటికి తీసి, అక్కయ్యగారినీ పిల్లలనీ ఎర్రగడ్డ మార్కెట్‌కి తీసుకెళ్ళి, కూరగాయలతో సహా వెనక్కి తెచ్చేవాణ్ణి. చిలకమ్మ జీవితం అంతే. నా ఊహల్లో మాత్రం అది రేసు కారు.

ఆ ఊహకి కారణం ఊరి బయట వాడకుండా వదిలేసిన ఒక రన్‌వే. ఏడాదికొకసారి సరదాపడ్డ కుర్రాళ్ళు అక్కడ కార్ల పందేలు పెట్టుకునేవారు. ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. దుమ్ము రేపుకుంటూ ఒక కారు మలుపు తిరిగిన తీరు చూసి, వచ్చే ఏడు అందులో నేనూ ఉండాలని అక్కడికక్కడే నిశ్చయించేసుకున్నాను. ఏడాది తిరిగేసరికి పేరు ఇచ్చేశాను కూడా. అయితే ఎక్సలరేటర్ గట్టిగా తొక్కితే చిలకమ్మ గొంతు పెరిగేది గాని నడక పెరిగేది కాదు. క్లచ్ జారుతోందన్నారు తెలిసినవాళ్ళు. క్లచ్ అంటే తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. అది ఇంజనుకీ చక్రాలకీ మధ్య పెళ్ళిళ్ళ పేరయ్య. ఇద్దర్నీ మెల్లగా, నొప్పించకుండా కలపాలి. కలిపాక మళ్ళీ విడిపోకుండా చూడాలి. మా పేరయ్యకి వయసైపోయి రెండో పని చేతకాకుండా పోయింది.

షేక్‌పేటలో ఒక పెద్దాయన షెడ్డు ఉండేది. అందరూ ఉస్తాద్ అనేవారు. అరవై దాటిన మనిషి, తెల్ల గడ్డం, చేతికి అంటిన నల్లదనం మాత్రం గడ్డానికి అంటకుండా జాగ్రత్తపడే మనిషి. నేను చెప్పిందంతా విని, లోపలికి వెళ్ళి మూడు ప్లేట్లు తెచ్చి, షెడ్డు ముందున్న బండ మీద వరసగా పరిచాడు.

“గిది కంపెనీది. మెత్తగ ఉంటది. నువ్వు తప్పు జేసినా మాఫ్ జేస్తది. గానీ రేసుల జోరు జేస్తె జారుతది,” అన్నాడు మొదటిదాని మీద వేలు పెట్టి. రెండోది దాటేసి మూడోది ఎత్తి చూపించాడు. గుండ్రటి పళ్ళెం ఉండాల్సిన చోట నాలుగు రెక్కలు, రెక్కకొక రాగిరంగు బిళ్ళ. “గిది అసల్ రేసుది. దీనికి రెండే ముచ్చట్లు తెలుసు, పట్టుడు, ఇడ్సుడు. నడిమిట్ల ఏం లేదు. పట్టిందంటె ఇడ్వదు. గల్లీల, చడావుల మీద మాత్రం నీ జాన్ తీస్తది.”

“మరి ఆ మధ్యదండీ?” అన్నాను.

“గది నడిమి రకం. స్ప్రింగులు జర గట్టియి, ప్లేటు మామూలుదే. రేసుల ఫస్టు రావు, సడక్ మీద పరేషాన్ గావు.” కండువాతో చేతులు తుడుచుకుని నా మొహంలోకి చూశాడు. “గిండ్ల ఏది మంచిదని అడగకు బేటా. ఏది నీకు మంచిదో నువ్వే చెప్పాలె. రేసులు ఎన్ని మాట్లు కొడ్తవ్? సడక్ మీద ఎంత నడుపుతవ్? పక్కన ఎవరు కూసుంటరు?”

ఇంత సూటి ప్రశ్నలు నన్ను ఫిల్మ్‌నగర్‌లో ఎవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే మూడు ముక్కల్లో అయిపోయేది. రేసు ఏడాదికొకటి, అదీ ఇంకా మొదలవలేదు. సడక్ మీద ప్రతి ఆదివారం. పక్కన అక్కయ్యగారు, ఆవిడ ఒళ్ళో సొరకాయ. కాని ఆ మూడు ముక్కల్లో హీరో ఎక్కడున్నాడు? మొదటి పది నిమిషాల్లో హీరోకి బలహీనత కనపడకూడదని గురువుగారు రోజూ నూరిపోసేవారు. నేను ఒక మెట్టు మీద కూర్చుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. నెలకి రెండు రేసులన్నాను. మిగతా రోజుల్లో బండి షెడ్డులోనే ఉంటుందన్నాను. పక్కన ఎవరూ కూర్చోరు, బరువు ఎక్కువవుతుందన్నాను. పోయిన రేసులో ఆఖరి మలుపు దగ్గర క్లచ్ జారడం వల్లే రెండోవాణ్ణయ్యానని చెప్తున్నప్పుడు నా గొంతు నిజంగానే జీరపోయింది. ఉస్తాద్ వింటూనే ఒకసారి చిలకమ్మ వెనక అద్దంలోంచి లోపలికి చూశాడు. ఆ సీటు మీద వాడిపోయిన కొత్తిమీర కట్టా, గురువుగారి చిన్నపాప చెప్పు ఒకటీ ఉన్నాయి. చూసి, మళ్ళీ నా కథ వైపు తిరిగాడు.

“మంచిది బేటా. రాగి బిళ్ళలదే ఏస్త,” అన్నాడు.

తర్వాతి ఆదివారం చిలకమ్మ కొత్త అవతారం అక్కయ్యగారికి దర్శనమైంది. పెడల్ తొక్కాలంటే రోలు జరిపినంత బలం కావాలి. వదిలితే బండి కప్పలా ఎగిరి ముందుకు పడాలి, లేదా ఇంజను ఆగి ఊరుకోవాలి. మూడో దారి లేదు. మోతీనగర్ మలుపు తిరిగేలోపు మూడుసార్లు ఆగింది. ఇంటికొచ్చే దారిలో మా ముందు ఒక నీళ్ళ ట్యాంకరు నత్తలా పాకుతోంది. దాని వెనక పాకడం చిలకమ్మకి తెలియదు. ఎగరడం, ఆగడం, ఎగరడం, ఆగడం. వెనక సీట్లో వంకాయలు ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి దొర్లుతుంటే పిల్లలు కేరింతలు కొట్టారు. వాళ్ళకి ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్ళినంత సంబరం. అక్కయ్యగారు ఒక చేత్తో సొరకాయనీ, ఇంకో చేత్తో పుస్తెలతాడునీ పట్టుకుని కాసేపు ఓర్చుకుంది.

“అబ్బాయ్, మేము దిగి నడుస్తామయ్యా. నువ్వు నింపాదిగా వచ్చెయ్,” అంది చివరికి.

“రేసు కార్లు ఇలాగే ఉంటాయక్కయ్యగారూ. అలవాటైపోతుంది,” అన్నాను.

“మనకెందుకు నాయనా రేసులు? వంకాయలు ఎవరూ ఎత్తుకుపోరుగా,” అని ఆవిడ నిజంగానే దిగిపోయి, పిల్లల్ని చెరో వైపు పట్టుకుని నడిచి నాకంటే ముందు ఇల్లు చేరింది. ఆ వారమంతా నేను ఆఫీసు మెట్లు కుడికాలితోనే ఎక్కాను. ఎడమకాలు మొరాయించింది. అయినా ఉస్తాద్ దగ్గరికి వెళ్ళి తప్పు ఒప్పుకుంటే చెప్పిన కథ అబద్ధమని తేలుతుంది. కాలి నొప్పికంటే అది ఎక్కువ నొప్పి.

సరిగ్గా అప్పుడే గురువుగారికి అదృష్టం తలుపు తట్టింది. ఒక నిర్మాత ఆయన కథ విని ఒప్పుకుని, దర్శకత్వం కూడా ఆయనకే ఇచ్చాడు. ఆ నిర్మాత మంచివాడే గాని, పిల్లి ఎదురొస్తే కారు తిప్పుకుని ఇంటికెళ్ళిపోయేవాడు. (మేము చాటుగా ఆయన్ని శకునాలాయన అనుకునేవాళ్ళం. అంతకుముందు ఒక సినిమా కొబ్బరికాయ కుళ్ళిందని మొదటిరోజే ఆపేశాడు. ఆ దర్శకుడు తర్వాత వాళ్ళూళ్ళో ఎరువుల కొట్టు పెట్టుకున్నాడని చెప్పుకునేవారు.) ఒక సిద్ధాంతి ఆయనకి ముహూర్తం పెడుతూ, మొదటి షాట్‌లో చిలకపచ్చ వాహనం వాలు ఎక్కుతూ రావాలని చెప్పాడట. శకునాలాయన మా ఆఫీసు కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ రోజు ఎడమకాలికి పరీక్ష పెట్టుకుందామని నేను చిలకమ్మని తెచ్చాను. అది మామిడిచెట్టు కింద మెరుస్తోంది.

“అదెవరిదయ్యా?” అన్నాడు.

“మావాడిదేనండీ. రేసు కారు,” అన్నారు గురువుగారు గర్వంగా. అక్కయ్యగారికి చెప్పిన నా కథ ఆయన దాకా కూడా వెళ్ళిందన్నమాట.

ముహూర్తం గురువారం, పందెం ఆదివారం. మధ్యలో క్లచ్ మార్పించి మళ్ళీ వేయించే తీరిక లేదు. నిజం చెప్పుకుంటే తీరిక ఉన్నా మార్పించేవాణ్ణి కాదు. రెండు బారల దూరం నడిచే బండికి ఏ క్లచ్ అయితేనేం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పైగా షేక్‌పేట వెళ్ళి, “ఉస్తాద్, మీరు బాగుచేసిన బండి సినిమాలో వస్తోంది, మీరు రావాలి,” అని స్వయంగా పిలిచి వచ్చాను. చేసిన తప్పుకి సాక్షిని కూడా నేనే పిలుచుకున్నాను.

గురువారం పొద్దున ఆఫీసు ముందు వాలంతా పందిరి, పూలు, మనుషులు. వాలు పైన కెమెరా. కింద చిలకమ్మ, మెడలో బంతిపూల దండ, నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు. కొత్త హీరో స్టీరింగు ముందు కూర్చున్నాడు. షాట్ ఏమిటంటే కారు మెల్లగా కదిలి, నిమ్మకాయల్ని తొక్కి, సున్నంతో గీసిన గీత దగ్గర ఆగాలి. హీరో దిగి, “నేనొచ్చేశాను,” అనాలి. అంతే. ముహూర్తం షాట్‌కి రిహార్సల్ చేస్తే అరిష్టమని శకునాలాయన ముందే చెప్పేశాడు. అక్కయ్యగారు పట్టుచీర కట్టుకుని పిల్లలతో ఒక పక్కన నిలబడి, పెదవులు కదిలీ కదలకుండా ఏదో చదువుకుంటోంది. గురువుగారు తెల్లచొక్కాలో, పదకొండేళ్ళుగా వేరేవాళ్ళ కోసం అరిచిన ఆ ఒక్క మాటని మొదటిసారి తన కోసం అన్నారు. “యాక్షన్.”

హీరో పెడల్ వదిలాడు. చిలకమ్మ జానెడు ఎగిరి, నిమ్మకాయల మొహాన బంపరు ఊపి, ఆగిపోయింది. బంతిపూలు రాలాయి. నిమ్మకాయలు చెక్కుచెదరలేదు.

శకునాలాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “ఆగిందా?” అన్నాడు చాలా మెల్లగా. నాకు ఎరువుల కొట్టు కళ్ళముందు కనపడింది. అందులో కుర్చీలో గురువుగారు. గురువుగారి మొహంలో రక్తం లేదు. అయినా ఆయన నవ్వారు. “లేదండీ, షాట్ ఇంకా మొదలవలేదు. కెమెరా తిరగలేదు. మావాడు బండి సర్దుతున్నాడు,” అన్నారు. తిరిగిన కెమెరాని కెమెరామన్ చటుక్కున ఆపి, నోరు మూసుకుని, లెన్స్ తుడవడం మొదలుపెట్టాడు. కథల్లో తప్ప అబద్ధమాడని మనిషి నా వల్ల అందరి ముందూ అబద్ధమాడుతుంటే నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ముహూర్తం దాటడానికి ఇంకా తొమ్మిది నిమిషాలు ఉన్నాయి. నేను పరిగెత్తి హీరో కిటికీ దగ్గరికి వెళ్ళాను. “బ్రదర్, నా వల్ల కాదు. కాలు వణుకుతోంది,” అన్నాడు అతను, పెదవుల మీద చిరునవ్వు చెరగనివ్వకుండా. ఆ ఒక్క క్షణంలో అతను నిజంగా నటుడేనని తెలిసింది. అతని బదులు నేను కూర్చుందామంటే కెమెరాలో కనపడాల్సిన మొహం అతనిది. అయినా నేను కూర్చున్నా వాలు మీద ఆ బండిని మెల్లగా కదిలించగలనని నాకే నమ్మకం లేదు. అక్కయ్యగారు నా వైపే చూస్తోంది. వంకాయల ఆదివారం ఆవిడకి గుర్తున్నట్టుంది.

అప్పుడు జనంలోంచి ఉస్తాద్ వచ్చాడు. షూటింగ్ చూడ్డానికని ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ వేసుకున్నాడు, జేబులో అత్తరు దూది. కెమెరాకి కనపడని వైపు తలుపు తీసి, హీరోతో, “బాబూ, కాళ్ళు జర మీదికి వెట్టుకో,” అన్నాడు. హీరో సీటు మీద బాసింపట్టు వేసుకున్నాడు. ఉస్తాద్ ఆ అరవై ఏళ్ళ ఒళ్ళుని మడిచి, లాల్చీతో సహా కారు నేల మీద పడుకుని, ఎడమచేయి క్లచ్ మీదా కుడిచేయి ఎక్సలరేటర్ మీదా పెట్టాడు. “నువ్వు చక్రం పట్టుకోని నవ్వు. మిగిలింది నేను జూసుకుంట,” అని కింద నుంచి వినపడింది. నేను తలుపు మెల్లగా మూసి పక్కకి తప్పుకున్నాను. చేతులు జోడించుకున్నానని తర్వాత ఎవరో చెప్పారు.

“యాక్షన్,” అన్నారు గురువుగారు రెండోసారి.

పట్టుడు, ఇడ్సుడు తప్ప నడుమ ఏమీ లేదన్న ఆ క్లచ్‌లో ఉస్తాద్ చేతులు ఎక్కడో ఒక నడుమ వెతికి పట్టుకున్నాయి. చిలకమ్మ పెళ్ళికూతురు పందిట్లోకి నడిచొచ్చినట్టు వచ్చింది. నిమ్మకాయలు రెండు ముందు, రెండు వెనక, చప్పుడు చేసి మరీ చితికాయి. సున్నం గీత మీద హీరో హ్యాండ్‌బ్రేకు లాగాడు, ఆగింది. హీరో తలుపు తీసి దిగాడు. మఠం వేసుకున్న కాళ్ళు తిమ్మిరెక్కి ఒక అడుగు తూలాడు, తమాయించుకుని, “నేనొచ్చేశాను,” అన్నాడు. “కట్. ఆ తూలడం బాగుంది, ఉంచుదాం,” అన్నారు గురువుగారు. శకునాలాయన కళ్ళజోడు పెట్టుకుని అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. అక్కయ్యగారు కొంగుతో కళ్ళొత్తుకుంది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

జనం స్వీట్ల వైపు కదిలాక తలుపు తీశాను. ఉస్తాద్ ఇంకా కిందే ఉన్నాడు. నడుం పట్టేసింది. లాల్చీ మీద నల్లటి గ్రీసు మరక. అలాగే పడుకుని నా వైపు చూసి అడిగాడు.

“గిప్పుడు చెప్పు బేటా. రేసులు ఎన్ని మాట్లు కొడ్తవ్?”

“ఏడాదికొక్కసారండీ,” అన్నాను. “అది కూడా ఇంకా కొట్టలేదు. మొదటిది ఆదివారం,” అన్నాను.

“పక్కన ఎవరు కూసుంటరు?”

“అక్కయ్యగారు. కూరగాయలు.”

“నాకెర్కే. వెనక సీట్ల కొత్తిమీర జూసిన. రేసు బండిల కొత్తిమీర ఏందని అప్పుడే అనుకున్న.”

“మరి తెలిసీ ఎందుకు వేశారండీ?” అన్నాను ఉక్రోషంగా. తప్పు నాదైనా కోపం ఆయన మీద రావడం ఆ వయసు లక్షణం.

ఆయన నా చెయ్యి పట్టుకుని మెల్లగా లేచి కూర్చున్నాడు. “నువ్వు చెప్పినవు గద, ఆ పిలగాడు మంచిగనిపించిండు. ఆఖరి మలుపు కాడ ఓడిపోయినోడు. వాన్ని ఒక్కపారి గెలిపియ్యాలనిపించింది,” అన్నాడు. “నడిమి రకం ప్లేటు పక్కకు వెట్టిన్లే. నువ్వు వస్తవని తెలుసు. ఇయ్యాల రాత్రికే ఏస్త, పా.”

నా కథ విన్న నిర్మాతలు ఎందరో ఆవలించారు. నమ్మి పెట్టుబడి పెట్టినవాడు ఆయనొక్కడే.

ఆదివారం పందెంలో ఐదు కార్లకి నాలుగోవాణ్ణయ్యాను. ఐదోది స్టార్టవలేదు. ఉస్తాద్ చెప్పినట్టే ఫస్టు రాలేదు, పరేషానూ కాలేదు. అక్కయ్యగారు పులిహోర కట్టుకుని పిల్లలతో సహా చూడ్డానికొచ్చి, చుట్టూ ఉన్నవాళ్ళకి కూడా పంచిపెట్టింది. సాయంత్రం అదే కారులో, అదే క్లచ్‌తో అందరం ఇంటికి బయల్దేరాం. బోరబండ చడావు ఎక్కుతుంటే మళ్ళీ ఒక నీళ్ళ ట్యాంకరు అడ్డమొచ్చింది. చిలకమ్మ దాని వెనకే బుద్ధిగా పాకింది. అక్కయ్యగారు కిటికీకి తల ఆనించి నిద్రపోయింది, ఆ చడావంతా ఒక్కసారి కూడా లేవలేదు. ఇన్నేళ్ళ డ్రైవింగులో నాకు దక్కిన బహుమతి అదొక్కటే.

గురువుగారి సినిమా పూర్తయింది. రెండు వారాలాడింది. జనం సీట్లలో సర్దుకుని కూర్చున్నాక ఆయన పేరు తెర మీద పడింది, ఆయనకి అది చాలు. తర్వాత ఇంకో నాలుగు తీశారు. ఉస్తాద్ షెడ్డు ఉన్నచోట ఇప్పుడు అద్దాల భవనం ఉంది. ఆ తెల్ల లాల్చీకి బదులు కొత్తది కొనిస్తానని చాలాసార్లు అన్నాను గాని కొనలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇప్పుడు నా కారుకి క్లచ్ పెడలే లేదు. ఎడమకాలికి ఏ పనీ లేదు. జూబ్లీహిల్స్ ట్రాఫిక్‌లో అది విశ్రాంతిగా పడుంటుంది. మొన్న ఎవరో టీవీవాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారు. మెత్తటి సోఫా, పైన లైట్లు. యాంకరమ్మాయి కాగితం చూసి, “సార్, మీరు కుర్రతనంలో రేసర్ కూడా అట కదా?” అంది. నేను గొంతు సవరించుకుని, వెనక్కి వాలి, “నెలకి రెండు...” అని మొదలుపెట్టాను. సోఫా కింద నా ఎడమకాలు దానంతటదే నేలని గట్టిగా తొక్కింది. అత్తరు వాసన వచ్చినట్టనిపించింది. “లేదమ్మా,” అన్నాను. “ఒక్కసారి. ఐదుగురిలో నాలుగోవాణ్ణి.” ఆ అమ్మాయి పాపం కాస్త నిరుత్సాహపడి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత టీ కూడా ఇవ్వలేదు.